గాజు పట్టీ మీద తేదీ

14 జనవరి 2024, ఆదివారం (భోగి)

ఇవ్వాళ సాయంత్రం మా గల్లీ మొత్తం మూలమీది ఒంటిగది ఖోలీలోనే ఉంది. ఆ ఇంటి పెద్దకొడుకు సిరిసిల్ల దగ్గర సొంతూర్లో కట్టుకున్న ఇల్లు టీవీలో వచ్చింది. తమ ఇండ్లు తామే కట్టుకున్నవాళ్ల దగ్గరికి పోయి, గడప నుంచి డాబా దాకా తిప్పి చూపించే కార్యక్రమం అది. లోపల పదిహేను మందిమి, గుమ్మం అవతల ఇంకో పదిమంది. పిల్లలు అటక లాంటి పోటమాళా మీదికెక్కి కాళ్లు వేలాడేసుకొని చూశారు.

ఆయన ముప్పై ఏండ్లు మహారాష్ట్రలోని ఈ భివండీలో సాంచలు, అంటే మరమగ్గాలు, నడిపిన మనిషి. "ఈ గోడ నేనే పెట్టిన. ఈ గూళ్లు మా ఇంటామె చెయ్యి అందే ఎత్తుకు పెట్టిన" అని గోడ మీద అరచేత్తో తట్టి చెప్పాడు. ఆ చేతిని దగ్గరగా చూపించారు. తెగిన పోగులు ముడేసి ముడేసి చూపుడు వేలి పక్కన కాయ కాసిన చోటు కనిపించింది. మా బాపు చేతికి కూడా సరిగ్గా అక్కడే ఉండేది. నాకు కండ్లల్లో నీళ్లు తిరిగినయి.

కార్యక్రమం అయిపోయినా ఎవరూ లేవలేదు. ఫోన్‌లో మళ్లీ పెట్టించి, ఆపమన్న చోటల్లా ఆపి చూశారు. మెట్ల కింద జాగాలో ఏం పెట్టిండ్రు? వంటగట్టు నల్లరాయేనా? నల్లా ఇంట్లోకే వచ్చిందా? మా తమ్ముడు మెట్లు లెక్కపెట్టాడు, పదిహేడు. పక్కింటి అత్తమ్మ మాత్రం ఒక్కటే అడిగింది: "కిటికీల నుంచి ఏం కనవడ్తది బిడ్డా?" చింతచెట్టు కనవడుతుందని చెప్పారు. ఆమె ఆ ఒక్క చోటు మళ్లీ పెట్టించుకొని చూసింది. ఆమె ఖోలీకి కూడా కిటికీ ఉంది. తెరిస్తే చెయ్యి చాపినంత దూరంలో కార్ఖానా గోడ.

ఇప్పుడు తమ్ముడు ఉంటున్న, బాపు కట్టిన ఖోలీ పది అడుగులు వెడల్పు, పన్నెండు అడుగులు పొడుగు. 1979లో పగ్డీ సొమ్ము ఇచ్చి పట్టినప్పుడు అవి పత్రా (రేకు) గోడలు. ఇటుక గోడలు బాపే పెట్టాడు. రాత్రి పాళీ దిగి రెండు గంటలు కునుకు తీసి, సెలవు దొరికిన శుక్రవారమల్లా తాపీ పట్టేవాడు. అమ్మ ఇసుక జల్లెడ పట్టేది. ఎనిమిదేండ్ల పిల్లను నేను, ఇటుకలు నీళ్లలో నానబెట్టి అందించడం నా పని. పైన రేకులు పడిన రోజు అమ్మ పాలు పొంగించింది. అప్పుడు కూడా గల్లీ అంతా వచ్చింది.

16 జనవరి, మంగళవారం

మాకు సంక్రాంతి రెండు రకాలు. పొద్దున మా ముగ్గులు, సాయంత్రం ఇక్కడివాళ్ల తిల్‌గుళ్, హల్దీకుంకుమ. భివండీ పద్మనగర్ ఆడవాళ్లం ఇప్పుడు రెండూ మావే అనుకుంటాం. ఇవ్వాళ తమ్ముడి ఖోలీలో పదకొండు మందిమి కూర్చున్నాం. ఆదివారం చూసిన ఇంటి ముచ్చట తప్ప ఇంకో ముచ్చట లేదు.

మా మరదలు కుట్టు మిషన్ సొరుగులోంచి టేపు తీసింది. జాకెట్ల కొలతలు తీసే టేపు అది. దాంతోటే గోడలు కొలవడం మొదలుపెట్టారు. ఒకరు ఒక కొస పట్టుకుంటే ఇంకొకరు నేల మీద సుద్దముక్కతో గీసుకుంటూ పోయారు. పొయ్యి ఇక్కడ, దేవుడి గూడు అక్కడ, ఆడపిల్ల బట్టలు మార్చుకునే మూల ఇది. ఆ మూల దగ్గర అందరూ ఆగారు. పదమూడేండ్ల బిడ్డ ఉన్న తల్లి ఒకామె, "నాకు మెట్లు వద్దు, నల్లరాయి వద్దు, తలుపున్న ఒక్క మూల చాలు" అన్నది. సందాసుకు గల్లీ చివరిదాకా పోయే ఆడవాళ్లం మేము. ఆమె మాటకు ఎవరూ ఏమీ అనలేకపోయారు.

ఇంటి మీద మా వాళ్లకున్న ఈ మోజును ఆశపోతుతనం అనేవాళ్లను నేను ఒప్పుకోను. వీళ్ల ఇండ్లల్లో మగవాళ్లు తరం పొడుగునా గజాల కొద్దీ బట్ట నేశారు, ఆడవాళ్లు కండెలు చుట్టారు. మనిషికి ఒక తలుపు అడగడం అత్యాశ కాదు.

ఒకటి రాసిపెట్టుకోవాలి. మేము మాట్లాడుతుంటే అల్మారాలో స్టీలు గ్లాసులు వాటంతట అవే కొద్దికొద్దిగా ముందుకు జరుగుతున్నాయి. గోడవతల కార్ఖానా. సాంచ నిమిషానికి నూరు పైచిలుకు దెబ్బలు కొడుతుంది, ప్రతి దెబ్బకూ నాడె ఈ కొస నుంచి ఆ కొసకు పోయి ఆగుతుంది. అట్లాంటివి ఆ గోడకు ఆనుకొని పన్నెండు. మరదలు రోజూ రాత్రి గ్లాసులు వెనక్కి నెట్టి పడుకుంటుందట. ఆమెకు అది మామూలు. నేను మాత్రం ఇవ్వాళే మొదటిసారి పట్టి చూశాను.

19 జనవరి, శుక్రవారం

సాంచలకు సెలవు. గల్లీలో పిట్టల చప్పుడు కూడా వినవచ్చింది.

పొద్దున్నించీ అందరి టీవీల్లో షోలాపూర్. ఆ పట్టణం అవతల కుంభారి దగ్గర కట్టిన రేనగర్‌లో 15,000 ఇండ్లు ప్రధానమంత్రి చేతుల మీదుగా ఇచ్చారు. మొత్తం 30,000 కట్టాలన్నది లెక్క. ఇవి పొందినవాళ్లు చేనేత, మరమగ్గాల కార్మికులు, బీడీలు చుట్టే ఆడవాళ్లు, బట్టలు కుట్టేవాళ్లు, చెత్త ఏరుకునేవాళ్లు, డ్రైవర్లు. వాళ్లలో ఎంతోమంది మా పద్మశాలీలే. మాట్లాడుతూ మాట్లాడుతూ ప్రధానమంత్రి గొంతు పట్టుకుపోయింది. చిన్నప్పుడు తనకు కూడా ఇట్లాంటి ఇంట్లో ఉండే అదృష్టం ఉంటే బాగుండేదని అన్నారు. మా ఖోలీలో కూడా అప్పుడు ఎవరూ మాట్లాడలేదు.

పిల్లలకు నేను చెప్పింది ఇక్కడ రాసుకుంటున్నా, ఎందుకంటే టీవీలో అంత సేపు చూపించినా ఈ కథ రాలేదు. ఈ ఇండ్ల వెనక ఉన్నది నర్సయ్య ఆడం. షోలాపూర్ వాళ్లకు ఆడం మాస్టర్. తెలుగు పద్మశాలి ఇంట పుట్టిన కమ్యూనిస్టు, మూడుసార్లు ఎమ్మెల్యే అయినాడు. ఆయనకు ఇది మొదటి పెద్ద కట్టుబడి కాదు. మొదటిది అదే కుంభారిలో బీడీ కార్మికురాళ్ల సొసైటీ కట్టించిన 10,000 ఇండ్లు. 2006 సెప్టెంబరులో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి తాళాలు ఇచ్చారు. బీడీలు చుట్టి చుట్టి కూడబెట్టిన వాటా డబ్బు ఆ ఆడవాళ్లు కట్టారు, మిగతాది సర్కారుల దగ్గర కొట్లాడి తెచ్చుకున్నారు. ఇద్దరు ప్రధానులు, రెండు పార్టీలు, ఇల్లు అడిగిన చేతులు మాత్రం ఒకటే.

ఆ మొదటి కాలనీకి గోదూతాయి పరుళేకర్ పేరు పెట్టారు. ఆ పేరు మా ఠాణే జిల్లాకు దగ్గరిది. గోదావరి పరుళేకర్ 1945లో అప్పటి ఠాణే జిల్లాలో వార్లీ ఆదివాసులను వెట్టి నుంచి లేపిన మనిషి. ఆ రోజులను ఆమె మరాఠీలో పుస్తకంగా రాస్తే 1972లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఠాణే అడవుల్లో పనిచేసిన ఆమె పేరు షోలాపూర్‌లో బీడీలు చుట్టే మా తెలుగు ఆడవాళ్ల గడపల మీదికి వచ్చింది. నేను బడిలో పిల్లలకు ఇది తప్పకుండా చెప్తాను.

21 జనవరి, ఆదివారం

షోలాపూర్ ఇండ్ల మీద తమ్ముడికీ మా అక్క కొడుక్కీ ఇవ్వాళ వాదం. అక్క కొడుకు సివిల్ ఇంజనీరు, కల్యాణ్‌లో పనిచేస్తాడు. సెలవని వచ్చాడు.

"అక్కా, అవి సొంతంగా కట్టుకున్నవెట్లైతయి? కాంట్రాక్టరు కట్టిండు, సర్కారు ఇచ్చింది. మూలింటాయనది సొంతం. గోడ తనే పెట్టిండు" అన్నాడు తమ్ముడు.

"మామా, జాగా వెతుక్కున్నది వాళ్లు, సొసైటీ పెట్టుకున్నది వాళ్లు, ఏండ్లకేండ్లు ఊరేగింపులు తీసింది వాళ్లు. తాపీ పట్టుడొక్కటే కట్టుడా?" అన్నాడు వాడు.

తర్వాత వాడు ఇంగ్లండు టీవీ సంగతి చెప్పాడు. అక్కడ చానల్ 4లో గ్రాండ్ డిజైన్స్ అని 1999 నుంచి వస్తున్నదట. సొంతిల్లు కట్టుకునేవాళ్ల వెంట నెలల తరబడి తిరుగుతారు. పునాది తవ్విన రోజు, వానకు పని ఆగిన రోజు, డబ్బులు అయిపోయిన రోజు, అన్నీ చూపిస్తారు. మొదటి ఏడాది చూపించిన వాటిలో బ్రైటన్ అనే ఊళ్లో పది కుటుంబాలు ఒక సహకార సంఘంగా కలిసి గుట్ట వాలు మీద తమ చేతుల్తో చెక్క ఇండ్లు కట్టుకున్న కథ ఉందట. వాల్టర్ సెగల్ అనే ఆర్కిటెక్టు పద్ధతి అది. మామూలు మనుషులు రంపం, బోల్టులు పట్టుకుంటే చాలు, తాపీ పని అక్కర్లేకుండా లేపగలిగే ఇల్లు. లండన్‌లో ఆయన పేరు మీద ఒక వీధి కూడా ఉందట.

నాకు నచ్చింది ఆ పది కుటుంబాల మాట. మా గల్లీలో ఉన్నవి పదకొండు.

మా పెద్దనాన్న కొడుకు ఊళ్లో ప్రజాపాలన దరఖాస్తు పెట్టాడు. సొంత జాగా ఉన్నవాళ్లకు ఇల్లు కట్టుకోను 5 లక్షలు ఇస్తామని తెలంగాణ కొత్త సర్కారు మాట. డిసెంబరు 28 నుంచి జనవరి 6 దాకా తీసుకున్నారు. ఫోన్‌లో సంబరంగా చెప్పాడు. తమ్ముడు ఫోన్ పెట్టేసి చాలాసేపు రేకుల వైపు చూస్తూ కూర్చున్నాడు. నలభై ఐదేండ్లు ఇక్కడ బతికినవాళ్లం, ఆ దరఖాస్తు మాకు పనికిరాదు. మాకు ఊళ్లో జాగా లేదు, ఇక్కడ ఉన్న జాగా మా పేరు మీద లేదు.

23 జనవరి, మంగళవారం

తమ్ముడు తాపీ పని చేసే గవండీని తీసుకొచ్చాడు. రేకులు తీసేసి స్లాబు వేసి, దాని మీద ఇంకో ఖోలీ లేపుతాడట. కిందిది అమ్మకూ వంటకూ, పైది పిల్లలకు. గవండీ గోడను గుద్ది చూసి, "నాలుగు ఇనుప గర్డర్లు పెడితే చాలు, ఇరవై రోజుల పని" అన్నాడు. మరదలు ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగు మీద నీళ్లు పోయడం నాకు ఇష్టం లేదు.

కానీ సున్నం రాలిన చోట నాకొక బీట కనిపించింది. కార్ఖానా వైపు గోడలో, అల్మారా వెనక నుంచి మెట్లు మెట్లుగా పైకి పోయింది. నా చిటికెన వేలి గోరు పడుతుంది అందులో. బాపు పెట్టిన గోడ అది. నేను అందించిన ఇటుకలు.

అక్క కొడుక్కు ఫోన్ చేశాను. వాడు లెక్క చెప్పాడు. పది బై పన్నెండు అడుగుల గది మీద నాలుగంగుళాల స్లాబు అంటే రెండున్నర టన్నుల పైన. దాని మీద వచ్చే గోడలు, మనుషులు, సామాను వేరే. బాపు గోడ రేకులు మోయడానికి కట్టింది. ఆ రేకులను నలుగురు మనుషులు చేతుల మీద ఎత్తిపెట్టారు. "గోడ కదులుతున్నదో ఆగిందో ముందు తెలుసుకో చిన్నమ్మా" అని పద్ధతి చెప్పాడు. బీటకు అడ్డంగా సన్నటి గాజు పట్టీ పెట్టి, రెండు కొసలూ ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌తో గోడకు అతికించాలి. దాని మీద తేదీ రాయాలి. గాజు సాగదు. గోడ వెంట్రుక వాసి కదిలినా పటుక్కుమంటుంది.

పటాలు కట్టే దుకాణంలో రెండు గాజు పట్టీలు కోయించుకొచ్చి, ఒకటి కింద, ఒకటి పైన పెట్టాను. మరదలు ప్లాస్టర్ కలిపింది. బడిలో తెల్లబోర్డు మీద రాసే నీలం పెన్నుతో 23-1-24 అని రాశాను.

27 జనవరి, శనివారం

ఇటుకల ధర అడిగి వద్దామని తమ్ముడు వాడా రోడ్డు మీది భట్టీకి పోతుంటే నేనూ వెంట పోయాను.

అక్కడ పనిచేసేది కాత్కరీ ఆదివాసులు. దీపావళి దాటినాక కుటుంబాలకు కుటుంబాలే వస్తారు, వాన కాలం ముందర పోతారు. వానల్లో తిండి లేనప్పుడు తీసుకున్న బయానా ఎండల్లో ఇటుకలతో తీరుస్తారు. ఒకామె కూర్చొని ఇటుకలు కోస్తున్నది. మట్టి ముద్ద ఎత్తి అచ్చులోకి కొట్టి, పైన చేత్తో చదును చేసి, బోర్లించి లేపడం నేను లెక్కపెట్టేలోపే అయిపోతున్నది. ఆ చెక్క అచ్చును వాళ్లు సాచా అంటారు. మేము మగ్గాన్ని సాంచ అంటాం. రెండూ ఒకే మాట.

ఆమె ఉండేది పచ్చి ఇటుకలు మట్టి లేకుండా ఒకదాని మీద ఒకటి పేర్చిన గుడిసె. పైన గడ్డి, ప్లాస్టిక్ కాగితం. వంగి, ఇంకా వంగి లోపలికి పోవాలి. భట్టీ అయిపోయినాక ఆ గోడల ఇటుకలు కూడా కాల్చి అమ్ముతారట. వానొచ్చేసరికి ఇల్లు ఉండదు. ఆమెకు నేను మరాఠీలో చెప్పాను, నా చిన్నప్పుడు ఇటుకలు నానబెట్టిన సంగతి. ఆమె నవ్వి, పక్కన ఆడుతున్న తన బిడ్డను చూపించింది. ఎనిమిదేండ్లు కూడా ఉండవు. ఎండుతున్న ఇటుకలను తిప్పి పెడుతున్నది.

ఇల్లు చూపించే టీవీవాళ్లు ఈ భట్టీ దాకా రావాలి. గట్టిగా అడగాలని ఉంది నాకు.

2 ఫిబ్రవరి, శుక్రవారం

గాజు రెండు చోట్లా బాగుంది. తమ్ముడు గర్డర్లకు బయానా ఇస్తానంటున్నాడు. ఇంకో పది రోజులు ఆగమన్నాను. అమ్మకు మోకాళ్ల నొప్పి ఎక్కువైంది.

5 ఫిబ్రవరి, సోమవారం

కింది పట్టీ విరిగింది.

పొద్దున మరదలు గ్లాసులు తీయబోయి చూసిందట. నన్ను పిలవడానికి చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చింది. సరిగ్గా నడిమిలో, నేను రాసిన ఒకటి అంకె పక్క నుంచి నిలువుగా చీలింది. రెండు ముక్కలూ గోడనే పట్టుకొని ఉన్నాయి. పైది విరగలేదు. అక్క కొడుకు ఫోటో పంపమన్నాడు, పంపాను. "స్లాబు మాట ఎత్తకండి, అమ్మమ్మను ఆ గోడ వైపు పడుకోబెట్టకండి" అన్నాడు.

2020 సెప్టెంబరు 21 తెల్లవారుజాము నాకు మళ్లీ కండ్ల ముందుకొచ్చింది. ధామన్‌కర్ నాకా దగ్గర పటేల్ కాంపౌండ్‌లో జిలానీ బిల్డింగ్ కూలింది. మూడంతస్తులు. 1984 నాటి కట్టుబడి అన్నారు. మనుషులు నిద్రలో ఉన్నారు. దాదాపు నలభై మంది పోయారు, అందులో పసిపిల్లలు ఎందరో. కరోనా రోజులు, మూతులకు గుడ్డలు కట్టుకొని రాళ్లు తీసేవాళ్లను మేము దూరం నుంచి చూశాం. అప్పుడు కూడా అన్ని చానళ్లూ భివండీకి వచ్చాయి. మా ఊరి ఇండ్లు అంతసేపు టీవీలో కనవడింది ఆ వారమే.

రాత్రి మరదలు ఏడ్చింది. గోడ గురించి కాదు, పై ఖోలీ గురించి. పిల్లలకు అప్పుడే చెప్పేశారట, పైన మీ గది అని.

11 ఫిబ్రవరి, ఆదివారం

పదకొండు ఇండ్లవాళ్లం కూర్చున్నాం. నేను ఇల్లిల్లూ తిరిగి పిలిచాను. విరిగిన గాజు చూపించి మొదలుపెట్టాను.

తమ్ముడికి కోపం తగ్గలేదు. "అయితే మనకు ఇల్లొద్దా అక్కా? బాపు లెక్కనే రేకుల కింద పోవాలెనా?" అన్నాడు. వాడి కోపం న్యాయమైనది. వద్దు అని చెప్పడానికి నేను వాళ్లను పిలవలేదు. ఏ వరసలో కావాలో చెప్పడానికి పిలిచాను. ముందు గోడలు ఎంత మోస్తాయో తెలియాలి. తర్వాత జాగా ఎవరిదో కాగితం మీద తేలాలి. చేతిలో ఘర్‌పట్టీ రసీదు ఉంటే ఇల్లు మనదే అనుకుంటున్నాం. అది పన్ను కట్టినట్టు రుజువు మాత్రమే. భూమి రికార్డు సాత్‌బారా మీద ఎవరి పేరుందో మా పదకొండు ఇండ్లల్లో ఒక్కరూ తీసి చూడలేదు, నాతో సహా. ఒక్కొక్కరం విడివిడిగా పోతే ఏ ఆఫీసులోనూ వినరు. షోలాపూర్ ఆడవాళ్లు సొసైటీ కట్టుకొని పోయారు.

మూలింటాయన ఊరి నుంచి ఫోన్‌లో మాట్లాడాడు. తన ఇంటి పునాదికి ఐదడుగులు తవ్వించి, మట్టి చూపించుకొని, ఒక వానకాలం అట్లా వదిలేసి, తర్వాత గోడలు లేపాడట. ఇది టీవీలో ఎందుకు చెప్పలేదని అడిగితే, "అదంతా జెప్పిన. వాళ్లు చూపియ్యలే" అన్నాడు. పదిహేడు మెట్లు చూపించారు. ఐదడుగుల పునాది చూపించలేదు.

ఇంటికి ఇంత అని వేసుకొని లైసెన్సున్న స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిపించి అన్ని గోడలూ చూపిద్దామని ఒప్పుకున్నారు. తొమ్మిది ఇండ్లు. రెండిండ్లవాళ్లు ఆలోచించుకుంటామన్నారు. కిటికీ అత్తమ్మ అందరికంటే ముందు నా చేతిలో డబ్బులు పెట్టింది.

ఇది ఎవరైనా చదివితే నా మనవి ఇంతే. మీ ఊళ్లో ఎవరి ఇల్లయినా టీవీలో వస్తే పోయి సంతోషంగా చూడండి, మెట్లు లెక్కపెట్టండి. తర్వాత ఆ ఇంటాయనకు ఫోన్ చేసి పునాది ఎన్ని అడుగులని అడగండి.

15 ఫిబ్రవరి, గురువారం

అమ్మను నా ఖోలీకి తెచ్చుకున్నాను. తమ్ముడు అల్మారా ఆ గోడ నుంచి తీసి ఇవతలి గోడకు పెట్టాడు. గ్లాసులు ఇప్పుడు కదలడం లేదు. సాత్‌బారా ఉతారా కోసం తలాఠీ (పట్వారీ) ఆఫీసుకు నేనూ మరదలూ మంగళవారం పోతాం.

రేపు శుక్రవారం. సాంచలు ఆగి ఉంటాయి కాబట్టి గోడవతల కూడా చూడవచ్చు, కార్ఖానా సేట్ ఒప్పుకున్నాడు. ఇంజనీరు పది గంటలకు వస్తానన్నాడు. మూలింటివాళ్ల నిచ్చెన తెచ్చి గుమ్మం పక్కన ఆనించి పెట్టాం.